ఫోనులో సర్టిఫికెట్టు సరే, కౌలుదారు పేరేదీ?

నాడు తూర్పు గోదావరి జిల్లాలో, నేడు కాకినాడ జిల్లాలో ఉన్న కరప గ్రామంలో 2019 అక్టోబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గ్రామ సచివాలయాల వ్యవస్థను ప్రారంభించిన సంగతి విదితమే. ఆ తరువాత ప్రభుత్వం మారింది. 2025 జనవరి 30న మంత్రి నారా లోకేష్ 'మన మిత్ర' పేర 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చారు. 9552300009 నంబరుకు ఫోను నుంచి కబురు పెడితే చాలు, పని మొదలవుతుంది.

నిజానికి గోదావరి జిల్లాలకు కంప్యూటర్ సేవలు కొత్త కావు. 2002లోనే పశ్చిమ గోదావరి పల్లెల్లో ఈ-సేవ కేంద్రాలు వెలిశాయి. 2011లో మీ-సేవ వచ్చింది. కుల ధ్రువపత్రం కోసం కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని మండల కేంద్రానికి నాలుగుసార్లు తిరిగిన రోజులతో పోల్చితే ఇది మేలే. కాదనేవారు లేరు.

చిక్కల్లా ధాన్యం దగ్గర వస్తున్నది. 2024 నవంబరులో పౌర సరఫరాల శాఖ ధాన్యం అమ్మకానికి కూడా వాట్సాప్ ఏర్పాటు చేసింది. రైతు తన ఆధార్ నంబరు చెప్పి, ఏ కేంద్రంలో, ఏ రోజున, ఎన్ని బస్తాలు అమ్మేదీ ఇంటి నుంచే తెలపవచ్చు. అయితే ఆ రైతు ఎవరన్నది యంత్రం ఎలా తెలుసుకుంటుంది? ఈ-పంట నమోదులో ఉన్న పేరును బట్టి. డెల్టాలో సార్వా అయినా దాళ్వా అయినా ఎక్కువ భాగం పండించేది కౌలుదార్లు. భూమి రికార్డులో ఉండేది ఆసామి పేరు.

2011 నాటి చట్టం కింద కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి ఆసామి సంతకం అక్కరలేదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం మాత్రం 11 నెలల ఒప్పందంపై ఆసామి సంతకం కావాలన్నది. సంతకం పెడితే భూమి ఎక్కడ చేజారుతుందోనని ఆసామి భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు ఎక్కడ పోతుందోనని కౌలుదారు భయం. కనుక కాగితం లేకుండానే సాగు నడుస్తున్నది. ఆసామి పేర ధాన్యం తోలి, ఆయన ఖాతాలో పడ్డ సొమ్ము కోసం ఎదురుచూడటమో, కళ్లంలోనే వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేయడమో కౌలుదారుకు మిగిలిన దారులు. తుపాను వచ్చి చేను పడిపోయినా, నష్టపరిహారం పేరున్నవారికే చేరుతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ గురించి, అంటే 'ఏఐ' గురించి ఎక్కడ చూసినా మాటలే. తెలుగులో అడిగితే తెలుగులో బదులిచ్చే యంత్రం చదవడం రాని రైతుకు నిశ్చయంగా ఉపయోగమే. కాని అది ఎంత చక్కగా మాట్లాడినా చూసేది ఆ రికార్డునే. 1984లో కరణాల వ్యవస్థ రద్దు కాకముందు అడంగల్ రాసే కరణానికి చేను ఎవరు దున్నుతున్నారో కళ్లారా తెలుసు. రాసేవాడా లేదా అన్నది వేరే సంగతి!

పొరుగు తెలంగాణలో కంప్యూటర్ లెక్కను నమ్మి రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. యంత్రం తప్పని చెప్పినప్పుడు మనిషి వెళ్లి చూడక తప్పలేదు.

ఇక్కడ అలా వెళ్లి చూడగల సిబ్బంది సచివాలయాల్లో ఉన్నారు. వ్యవసాయ సహాయకుడు, గ్రామ రెవెన్యూ అధికారి నాట్లు పడ్డాక చేలోకే వచ్చి, సాగు చేస్తున్నవారి పేరు రాయవలసి ఉంది. ఈ-పంట జాబితాను ఊళ్లో ప్రదర్శించి అభ్యంతరాలు తీసుకోవడం నిబంధనల్లో ఉన్నదే. తన సర్వే నంబరు పక్కన ఎవరి పేరు పడిందో కౌలుదారు కోతల దాకా ఆగకుండా, ఆ జాబితా అంటించిన రోజునే చూసుకోవడం మంచిది.