మంచు కరిగిన కొండ మీద సైకిళ్లు



ఎండలు ముదిరి, మధ్యాహ్నమైతే మన ఎ.కొండూరు రోడ్డు మీద మనిషి కనిపించని రోజులివి. ఇటువంటి ఒక సాయంకాలము, కెనడా దేశములో ఉద్యోగము చేస్తున్న మా మేనల్లుడు ఫోనులో ఒక ఫొటో పంపాడు. పచ్చని కొండ. దాని మీదుగా పైకి పోతున్న ఇనుప తీగె. ఆ తీగెకు వేలాడుతున్న కుర్చీలు. కొన్నిటిలో మనుషులు కూర్చున్నారు, కొన్నిటికి సైకిళ్లు తగిలించి ఉన్నాయి.

మా అమ్మ కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూచింది. "సైకిలు మనల్ని మోయాలి గానీ, సైకిలుని కొండెక్కించడానికి మనం డబ్బులివ్వడమేంట్రా?" అని మనుమడిని ఫోనులోనే నిలదీసింది.

"అమ్మమ్మా, చలికాలం అయిపోయాక ఆ ఊళ్లో చాలామందికి పని దొరికేది ఆ డబ్బుల వల్లే" అన్నాడు వాడు.

ఆ మాట నా మనస్సులో నిలిచిపోయింది. అందుకే ఈ నెల ఆ కొండ సంగతి మీతో చెప్పాలనుకున్నాను.

ఆ ఊరి పేరు విస్లర్. వ్యాంకూవర్ నగరమునకు ఉత్తరముగా సుమారు 120 కిలోమీటర్ల దూరములో ఉంది. చలికాలములో అక్కడి కొండలన్నీ మంచుతో నిండిపోతాయి. కాళ్లకు పొడవాటి పట్టీలు బిగించుకొని మంచు మీద జారుకుంటూ క్రిందికి వచ్చే ఆటను స్కీయింగ్ అంటారు. 2010లో శీతాకాలపు ఒలింపిక్ పోటీలు కొన్ని ఇక్కడే జరిగాయి. ఆటగాళ్లను పైకి చేర్చేందుకు వేసినవే ఆ తీగెలూ, కుర్చీలూ. మరి మంచు కరిగిన తరువాత? అంత ఖర్చుతో కట్టిన యంత్రాలు ఊరక నిలబడాలి, వాటిని నడిపేవారు వేరే పని వెదుక్కోవాలి. ఇక్కడే సైకిలు వారికి అక్కరకు వచ్చింది. 1999లో విస్లర్‌లో వేసవి సైకిలు బాటలను ఒక పద్ధతి ప్రకారము ఏర్పాటు చేసి నడపడము ప్రారంభించారు. నేడు మంచు జారే దేశాలలో అనేక ఊళ్లు ఇదే పని చేస్తున్నాయి.

కొండ సైకిలు పుట్టుక కూడా తమాషా అయినదే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో కొందరు యువకులు పాత సైకిళ్లను బాగుచేసుకొని మట్టి కొండబాట మీద దిగేవారు. 1976 అక్టోబరు 21న వారు మొదటి పందెము పెట్టుకున్నారు. ఆ బాట మూడున్నర కిలోమీటర్లకు కొంచెము తక్కువ, కాని దిగే ఎత్తు సుమారు 400 మీటర్లు. వెనుకకు తొక్కితే పట్టే పాతకాలపు బ్రేకులవి. క్రిందికి చేరేసరికి ఆ వేడికి బ్రేకులోని గ్రీజు కాలి పొగ వచ్చేది. ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది గనుక ఆ పందెమునకు 'రీప్యాక్' అనే పేరు వచ్చింది. నవ్వులాటగా మొదలైన ఆ ఆట ఇరవై ఏళ్లకే, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌లో చోటు సంపాదించుకొంది. మన దేశములో హిమాచల్ ప్రదేశ్ కొండలలో కూడా 2005 నుండి ఇటువంటి పోటీలు మొదలయ్యాయి.

అయితే కొండ దిగడము అంటే గుడ్డిగా దూకడము కాదు. ఉత్తర అమెరికాలో బాటలకు రంగుల గుర్తులు పెడతారు. ఆకుపచ్చ కొత్తవారికి, నీలము కొంత అలవాటైనవారికి, నలుపు ఆరితేరినవారికి. ఐరోపాలో నీలమునకూ నలుపునకూ మధ్య ఎరుపు కూడా ఉంటుంది. తలకూ మోకాళ్లకూ రక్షణ లేకుండా దిగరు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. అందుచేత రెండు బ్రేకులూ మెల్లగా వాడాలి, పెడళ్లపై నిలబడి బరువు కొంచెము వెనుకకు వేయాలి. వాన నీరు బాటను కోసివేయకుండా పక్కకు కాలువలు తీస్తారు, మలుపులలో మట్టిగట్టు ఎత్తుగా కడతారు. బురదలో తొక్కితే గాడులు పడి బాట పాడవుతుంది. ఆల్ప్స్ పర్వతాలలోనైతే ఈ బాటలు కొన్నిచోట్ల ఆవులు మేసే పచ్చికల గుండా పోతాయి. తడిక తీసినవాడే మళ్లీ వేయాలి, నడిచిపోయేవారికి దారి ఇవ్వాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. భూమి వేడెక్కుతున్నందున తక్కువ ఎత్తు కొండల మీద మంచు ఏటేటా నమ్మకము లేనిదవుతోంది. యంత్రాలతో మంచు తయారు చేద్దామన్నా దానికీ చలి కావాలి, నీరు కావాలి. ఫ్రాన్సు దేశపు జూరా పర్వతాలలో మెటాబియెఫ్ అనే ఊరుంది. 1993లో కొండ సైకిళ్ల ప్రపంచ పోటీలు జరిగిన చోటు అది. కొండ మీద నుండి మంచులో జారే ఆట 2035 నాటికి తమకు నిలువకపోవచ్చునని ఆ ఊరివారు ముందుగానే లెక్కవేసుకొని, ఇతర కాలాల పనుల వైపు తిరుగుతున్నారు. సైకిళ్ల ఆదాయము మంచు ఆదాయముతో సమానము కాదు. ఆ సంగతి వారికీ తెలుసు. అయినా మంచు పూర్తిగా పోయేవరకు చేతులు కట్టుకొని కూర్చోలేదు.

ఇది చదువుతుంటే నాకు మా మామిడి తోట గుర్తుకు వచ్చింది. మన ప్రాంతములో ఎందరికో ఏడాదికి ఒక్కటే కాపు, ఒక్కటే ఆశ. గత సంవత్సరము కోతకు వారము ముందు గాలివాన వచ్చి కాయంతా నేల రాలింది. మందుల కొట్టులో బాకీ మిగిలింది. మా తమ్ముని కుమార్తె కాలేజీ ఫీజు కోసము మరదలి గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆ అమ్మాయి రెండు రోజులు అన్నము సరిగా తినలేదు. "నా చదువు వల్లే కదా పెదనాన్నా" అన్నది. కాదు తల్లీ, నీ చదువు వల్ల కాదు. ఇంటినంతటినీ రెండు నెలల కాపు మీద నిలబెట్టిన మా పెద్దవాళ్ల లెక్క వల్ల.

ఫొటో వచ్చిన రాత్రి అందరము అరుగు మీద కూర్చున్నాము. విస్లర్ వారు కొత్త కొండను కొనలేదు, ఉన్న కొండకే, ఉన్న తీగెకే రెండవ పని కనిపెట్టారు. మరి మనకు ఉన్నవేమిటి? చెట్ల వరుసల మధ్య ఎండ తగిలే చోట మినుము చల్లుదామన్నాడు తమ్ముడు. నాటుకోళ్లు పెంచుతానన్నది మరదలు. లెక్కల పుస్తకము నేను వ్రాస్తానన్నది అమ్మాయి. ఇవి పెద్ద ఆదాయాలు కావు. కాని కాపు పోయిన ఏడు ఇంటిని పడిపోకుండా ఆపే బ్రేకులు.

మీరు కూడా ఈ నెలలో ఒక రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చొనండి. మన ఇల్లు ఏ ఒక్క కాలము మీద నిలబడి ఉంది? మిగిలిన నెలలలో మన చేతనున్నది ఏది ఊరక పడి ఉంది? పిల్లలను కూడా అడగండి, వారికి తోచినది చెప్పనివ్వండి.

అంతా విని మా అమ్మ లేస్తూ అన్నది: "సైకిలు సంగతేమో గానీ, ముందు ఆ గాజులు విడిపించేది కోళ్లో మినుములో చూద్దాం."