నవలలో మంత్రగాడు, ఊళ్ళో మంత్రగత్తె

తెలుగులో చేతబడి నవల అనగానే ముందు గుర్తొచ్చేది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. జనం విరగబడి చదివారు. రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. నలభై ఏళ్ళు దాటినా మన హేతువాదుల మధ్య దీని మీద చర్చ వస్తే ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఈ నవల చేతబడి ఉందంటోందా, లేదంటోందా?

నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ కథలో బలవంతుడెవరు? బాధితులెవరు?

పాత్రల్ని వరసగా చూద్దాం. శ్రీధర్, శారద చదువుకున్న నగరపు దంపతులు. వాళ్ళ కూతురు తులసి, చిన్నపిల్ల. ఆ పిల్ల పేరు మీదికి వచ్చిన ఆస్తి కోసం కుట్ర జరుగుతుంది. కుట్రదారుల చేతిలో ఆయుధం కాద్రా అనే క్షుద్ర మాంత్రికుడు. అతను అడవి మనిషి, నిరక్షరాస్యుడు, దయాదాక్షిణ్యాలు లేనివాడు. కానీ అతని ముందు డాక్టర్లు, డబ్బు, చదువు అన్నీ తేలిపోతాయి. అంటే నవల లెక్క ప్రకారం అడవిది బలం, నగరానిది నిస్సహాయత!

పిల్లకి వచ్చింది జబ్బా, చేతబడా అన్నది నవల తేల్చదు. వైద్యులు ఒక దారిన, మంత్రం మీద నమ్మకం కుదిరినవాళ్ళు ఇంకో దారిన పరుగెత్తుతారు. పిల్ల ఎవరివల్ల బతికిందో పాఠకుడే నిర్ణయించుకోవాలి. దీన్ని కొందరు నిష్పాక్షికత అంటారు. నాకలా అనిపించదు. రెండు వందల పేజీలకు పైగా భయంతో బిగుసుకున్న పాఠకుడి ముందు, చివర్లో త్రాసు సమానంగా పట్టుకుంటే అది ఎటు మొగ్గుతుందో రచయితకి తెలియదా? భయం అప్పటికే ఒక పళ్ళెంలో కూర్చుని ఉంది.

ఇప్పుడు ఇదే నవలని ఇంకో చోటు నుంచి చదువుదాం. తర్రెం నుంచి.

తర్రెం అనేది ఛత్తీస్‌గఢ్‌లో, దక్షిణ బస్తర్‌లోని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ దాటాక వచ్చే ఊరు. 2021 ఏప్రిల్ 3న దగ్గర్లో జరిగిన కాల్పుల్లో 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయినప్పుడు ఆ పేరు పత్రికల్లో మోగింది. ఆ అడవి మనకి పరాయిది కాదు. అక్కడి దోర్లా, కోయ జనం మాటల్లో తెలుగు కలిసి ఉంటుంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళనే ఖమ్మం, వరంగల్ అడవుల్లో మనం గుత్తికోయలు అంటున్నాం. మన మిరపచేలల్లో కాయలు ఏరేది కూడా వాళ్ళే. మన పాపులర్ నవల, మన సినిమా క్షుద్రవిద్య కోసం వెతుక్కునేది ఇలాంటి అడవుల్నే.

ఆ అడవుల్లో పిల్లల్ని ఏది చంపుతూ వచ్చిందో తెలుసుకోవడం కష్టం కాదు. మలేరియా. అందులోనూ ఫాల్సిపారం రకం. అది మెదడుకి ఎక్కితే పిల్లవాడు ఫిట్స్‌తో కొట్టుకుంటాడు, కలవరిస్తాడు, కళ్ళు తేలేస్తాడు, స్పృహ తప్పుతాడు. దెయ్యం పట్టిందని చెప్పే ప్రతి లక్షణమూ అందులో ఉంది. ‘అందరినీ దోమలు కుడుతున్నాయి కదా, నా బిడ్డే ఎందుకు చచ్చిపోవాలి?’ అని తల్లి అడుగుతుంది. ఈ ప్రశ్నకి వైద్యుడు జవాబు చెప్పకపోతే మంత్రగాడు చెబుతాడు: ఫలానా ఆమె కళ్ళు పడ్డాయి అని.

నిజానికి వైద్యం దగ్గర జవాబుంది. 2020లో మొదలుపెట్టిన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్ళి, జ్వరం లేనివాళ్ళకి కూడా రక్తపరీక్ష చేశారు. ఏ లక్షణమూ లేకుండా తిరుగుతున్న చాలామంది ఒంట్లో మలేరియా క్రిమి బయటపడింది. అంటే, క్రిమి చాలామందిలో ఉంది. పదేపదే జ్వరం వచ్చి తట్టుకున్న పెద్దవాళ్ళు నిలబడ్డారు, ఆ శక్తి ఇంకా రాని పసివాళ్ళు పడిపోయారు. ‘నా బిడ్డే ఎందుకు’ అన్నదానికి ఇదీ జవాబు. ఇందులో పక్కింటి ముసలమ్మ పాత్ర ఎక్కడా లేదు.

అయితే దెబ్బలు తినేది ఆ ముసలమ్మే. ఛత్తీస్‌గఢ్‌లో ఆమెను ‘టోనహీ’ అంటారు. ఉత్తరాంధ్రలో ‘చిల్లంగి’ పెట్టిందంటారు, తెలంగాణలో ‘బాణామతి’ చేసిందంటారు. మంత్రం పలకకుండా ఉండాలని పళ్ళు ఊడగొట్టిన ఘటనలు మన పత్రికల్లో చదివినవే. ఛత్తీస్‌గఢ్ 2005లో టోనహీ పీడన నివారణ చట్టం తెచ్చింది. ఒకరిని టోనహీ అని ముద్ర వేస్తేనే మూడేళ్ళ దాకా జైలు, హింసిస్తే ఐదేళ్ళ దాకా. బీహార్ 1999లోనే, జార్ఖండ్ 2001లో ఇలాంటి చట్టాలు చేశాయి. ఈ చట్టాలు ఎవరిని కాపాడటానికి వచ్చాయో గమనించండి. మంత్రగత్తె నుంచి ఊరిని కాపాడటానికి కాదు, ఊరి నుంచి ఆ ముద్ర పడ్డ మనిషిని కాపాడటానికి. ఆ మనిషి చాలాసార్లు ఒంటరి ఆడది, విధవరాలు, ఎంతో కొంత భూమి ఉన్నది.

చట్టం గ్రహించిన ఈ విషయాన్ని మన చేతబడి నవల తలకిందులు చేసింది. ఆస్తి కోసం చేతబడి చేయిస్తారని చెప్పింది. ఆస్తి కోసం చేతబడి నింద వేస్తారని చెప్పలేదు. నా అభ్యంతరం అసలు ఇక్కడ.

మరి దీన్ని సరిగ్గా రాసినవాళ్ళు లేరా? ఉన్నారు. మహాశ్వేతాదేవి బెంగాలీ కథ ‘బాయెన్’ చూడండి. చండీదాసి కులవృత్తి చనిపోయిన పసిపిల్లల్ని పాతిపెట్టడం. రాత్రిళ్ళు నక్కలు తవ్వకుండా గోతులకి కాపలా కాస్తుంది. తనకీ బిడ్డ పుట్టాక ఆ పని చెయ్యలేకపోతుంది. అంతలో ఊరు ఆమెను బాయెన్ అంటుంది. ఆ మాటను ఊరంతటికీ చాటింది ఎవరో కాదు, కట్టుకున్న మొగుడు! తను వస్తున్నట్టు అందరికీ తెలిసేలా రేకుడబ్బా చప్పుడు చేసుకుంటూ తిరగాలి. సొంత కొడుకు భగీరథుణ్ణి కూడా కన్నెత్తి చూడకూడదు. చివరికి రైలుని దోపిడీ నుంచి కాపాడటానికి దాని కింద పడి చచ్చిపోయినప్పుడు, కొడుకు ముందుకొచ్చి ఆమె నా తల్లి అని చెబుతాడు.

ఈ కథలో మంత్రాలు అబద్ధమని వాదించే పాత్ర ఒక్కటీ లేదు. డాక్టరు లేడు, హేతువాది లేడు. అయినా కథ ముగిశాక బాయెన్లు ఉన్నారని ఎవరూ అనలేరు. ఎందుకంటే ఆ మాట వెనక ఉన్న మనిషిని చూసేశాం.

మన గురజాడ కూడా 1910లోనే ‘మీ పేరేమిటి?’ కథలో ఇలాంటి పనే చేశారు. శైవులకీ వైష్ణవులకీ పంతం. అగ్నిగుండం తొక్కి ఎవరి దేవుడు గొప్పో తేల్చుకోవాలట. కట్టెల నిప్పులు వేడిని నెమ్మదిగా వదులుతాయి, పైన బూడిద ఉంటుంది, పాదం ఆనేది క్షణం సేపు, అందుకే త్వరగా నడిచేవాడు సాధారణంగా కాలడు అని మనం ఉపన్యాసం ఇస్తాం. గురజాడ ఆ ఉపన్యాసం ఇవ్వలేదు. గుండం చుట్టూ చేరిన మనుషుల పరువునీ, పంతాన్నీ, భయాన్నీ చూపించి ఊరుకున్నారు. అది చాలు.

‘అయితే కథల్లో దెయ్యాలే ఉండకూడదంటారా?’ అని ఒక మిత్రుడు అడగొచ్చు. అలా ఎందుకంటాను? 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామని నడిపించింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయనకంటే హేతువాది ఎవరు? ఆ చందమామ నిండా భేతాళుళ్ళు, రాక్షసులు, మాంత్రికులే. అవి చదివి ఎవరూ పక్కింటావిడ పళ్ళు ఊడగొట్టలేదు. ‘అనగనగా’ అన్నప్పుడు అది కథ అని పిల్లలకీ తెలుసు. ‘తులసిదళం’ అనగనగా అనదు. ఆస్పత్రి పేరు, జబ్బు పేరు, వైద్యశాస్త్రం మాటలు పెట్టి, ఇది మీ వీధిలో జరగొచ్చు అంటుంది. తేడా అక్కడుంది.

చివరిగా మన సంఘాలకి ఒక మాట. ఊళ్ళకి వెళ్ళి మందారపువ్వు రసం పూసిన కత్తితో నిమ్మకాయ కోసి, ‘రక్తం’ కార్చి చూపిస్తుంటాం. పులుపుకి ఆ రసం ఎర్రబడుతుందని వివరిస్తాం. మంచిదే. కానీ జనం చప్పట్లు కొట్టి, ‘ఈ సారు చేసింది మాయ, మా ఊళ్ళో ఆమె చేసేది నిజం’ అనుకుంటూ ఇళ్ళకి పోవచ్చు. ప్రదర్శన మంత్రాన్ని ఓడిస్తుంది గానీ, నింద పడ్డ మనిషిని ఇంటి దాకా క్షేమంగా చేర్చదు. అందుకే నిమ్మకాయ కోశాక ‘బాయెన్’ లాంటి కథ ఒకటి చదివి వినిపించండి. పావుగంట పడుతుంది. వినేవాళ్ళ మధ్య ఆ ‘ఆమె’ కూడా కూర్చుని ఉండొచ్చు.