ఊరు మారే జట్లు, ఊరు వీడని జట్లు

తెలుగు పండితునికి రగ్బీతో పనియేమని చదువరులు నవ్వుకోవచ్చు. నవ్వినా సరే, ఈ టపా రగ్బీతోనే మొదలు పెట్టక తప్పదు. 2025 జూన్‌లో మన దేశంలో రగ్బీ ప్రీమియర్ లీగు అని ఒకటి జరిగింది. ఆరు జట్లు. అందులో ఒకదాని పేరు హైదరాబాద్ హీరోస్. పోటీలన్నీ ముంబయిలోని అంధేరీ మైదానంలోనే జరిగాయి. హైదరాబాదు పేరు పెట్టుకున్న ఆ జట్టు ఆ లీగులో ఒక్క పోటీనైనా హైదరాబాదులో ఆడలేదు. అది మనలో ఎవరికీ వింతగా తోచలేదు. నన్ను బాధించినది ఆ తోచకపోవడమే.

ఆ ఆట పుట్టిన దేశంలో సంగతి వేరు. ఇంగ్లండులో చిన్న చిన్న ఊళ్లకు కూడా రగ్బీ సంఘాలున్నాయి. వారం పొడుగునా బడిలో పాఠం చెప్పేవాడు, మాంసం కొట్టేవాడు, బ్యాంకులో లెక్క రాసేవాడు శనివారం మధ్యాహ్నం ఒకే రంగు చొక్కా తొడుక్కుని బురదలోకి దిగుతారు. ఆడినందుకు ఎవరూ డబ్బివ్వరు సరికదా, సభ్యత్వపు చందా తామే కడతారు. అయినా ఆ సంఘం ఏ సంవత్సరం ఏ అంచెలో ఆడింది, ఎన్ని గెలిచింది, ఎప్పుడు పై అంచెకు ఎక్కింది, ఎప్పుడు కిందికి జారింది అన్నదంతా సంవత్సరవారీగా రాసి పెట్టుకుంటారు. వరుసగా మూడేళ్లు ఓడి అట్టడుగుకు పోయినా ఆ లెక్కను దాచరు. మన వంశవృక్షాలలో గొప్పవారి పేర్లే మిగిలి తక్కినవి రాలిపోతాయి. వారి పట్టికలో ఓటమి కూడా కుటుంబసభ్యురాలే.

అయితే ఈ లీగు అనే నిచ్చెన అక్కడ కూడా పాతది కాదు. ఇంగ్లండు రగ్బీ యూనియన్‌లో దేశమంతటినీ కలిపే లీగు 1987లో గాని రాలేదు. వెయ్యికి పైగా సంఘాలను ఒకే సోపానంలో నిలబెట్టి, గెలిచినవాడు పైకి, ఓడినవాడు కిందికి అన్న నియమం అప్పుడు పెట్టారు. (దానికి తన పేరు పెట్టి డబ్బు ఇచ్చినది బీరు కాచే కంపెనీ. ఆ ఆటకు, ఆ పానీయానికి ఉన్న బంధుత్వం ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు.) అంతవరకు ఎక్కువగా స్నేహపు పోటీలు, కప్పు పోటీలే. లీగు వస్తే పోటీ పెరుగుతుంది, పోటీ పెరిగితే డబ్బు వస్తుంది, డబ్బు వస్తే ఆట చెడుతుంది అని పెద్దలు భయపడ్డారు.

ఆ భయం వెనుక పాత గాయం ఒకటి ఉంది. ఉత్తర ఇంగ్లండులో రగ్బీ ఆడేవారు గని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం ఆడితే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలికి బదులుగా ఆరు షిల్లింగులు ఇవ్వనీయమని 1893లో అడిగారు. దక్షిణాది పెద్దమనుషులు 282 ఓట్లకు 136 చొప్పున ఆ మాటను తోసిపుచ్చారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జి హోటల్లో ఉత్తరాది సంఘాలు కూడి వేరు కాపురం పెట్టుకున్నాయి. అదే నేటి రగ్బీ లీగ్ అనే మరో ఆట. ఆ తరువాత సరిగా నూరేళ్లకు, 1995 ఆగస్టులో, రగ్బీ యూనియన్ కూడా డబ్బుకు తలుపు తెరిచింది. ఈ తగవులో నేను కూలివాని పక్షమే. కడుపు నిండినవాడు పేదవానికి నిస్స్వార్థం బోధించడం ఏ దేశంలోనైనా ఒక్కలాగే వినిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట గురించి ముచ్చటించనీయండి, పాత అలవాటు. డబ్బుకు కాక ఇష్టానికి చేసేవానిని మనం ఔత్సాహికుడంటాము. ఉత్సాహ శబ్దం మీద తద్ధిత ప్రత్యయం చేరి ఆదివృద్ధి జరిగితే వచ్చిన రూపం. ఈ మాటను మనకు అలవాటు చేసినది నాటకరంగం. పగలు కచేరీలో గుమాస్తాగిరీ, రాత్రి పరిషత్తు నాటకంలో వేషం. ఇంగ్లీషువారి మాటకు మూలార్థం ప్రేమించేవాడని. మన మాటలో ప్రేమ కంటె పూనిక ఎక్కువ వినిపిస్తుంది. ఆ పూనికే నాకు నచ్చుతుంది. ప్రేమ ఒక సాయంత్రం చాలు. ప్రతి శనివారం వానలో మైదానానికి పోవాలంటే పూనిక కావాలి.

ఆ పూనిక మన గడ్డ మీద నిలువలేకపోయిన కథ కూడా ఉంది. 1873లో కలకత్తాలో ఆంగ్లేయులు రగ్బీ ఆడేందుకు ఒక సంఘం పెట్టుకున్నారు. ఎండకు తాళలేక, సభ్యులు తగ్గిపోయి, 1878లో దానిని ఎత్తివేశారు. బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయల రూపంలో తీసి, కరిగించి, మూడు నాగుపాములు పిడులుగా, మూత మీద ఏనుగుతో ఒక పాత్ర చేయించి ఇంగ్లండు రగ్బీ సంఘానికి పంపారు. 1879 నుండి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు దాని కోసమే తలపడుతున్నాయి. కలకత్తా కప్పు అనే ఆ పాత్రకు ఊరి పేరు మిగిలింది, అప్పటికి ఊరిలో ఆ సంఘం మిగలలేదు. కాని ఆ సభ్యులు చేసిన పనిలో ఒక మర్యాద ఉంది. సంఘాన్ని మరో ఊరికి అమ్ముకోలేదు. ఉన్నదంతా ఆటకే ఇచ్చి సెలవు తీసుకున్నారు.

ఇక మన ఇంటికి వద్దాము. రగ్బీ మనకు పరాయిది, కాని ఔత్సాహిక జట్టు పరాయిది కాదు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు ముంబయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, 1957లో గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయిన తరువాత 1961లో మరొకసారి గెలిచింది. కలకత్తా మహాసంఘాలను వారి గర్వం అణిగేటట్లు ఓడించినది ఒక పోలీసు శాఖ జట్టు! ఆ ఆటగాళ్లకు ఆడినందుకు జీతం లేదు, పోలీసు ఉద్యోగానికి జీతం ఉంది. ఉత్తర ఇంగ్లండు కార్మికుడు అడిగిన ఆరు షిల్లింగుల ప్రశ్నకు హైదరాబాదు చెప్పిన జవాబు అది. సలక్షణమైన జవాబని నా అభిప్రాయం. కడుపుకు ఉద్యోగం, కాళ్లకు ఆట.

ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడి పంతులు. కాచిగూడ మిడిల్ స్కూలులోను, చాదర్‌ఘాట్ హైస్కూలులోను పాఠాలు చెప్పినవాడు, తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చదివి పిల్లలను ఆడించినవాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శియై, 1963 జూన్‌లో కేన్సరుతో కన్నుమూసే వరకు ఆ పనిలోనే ఉన్నారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. ఇవన్నీ 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా పుణ్యమా అని కొందరికి తెలిశాయి.

నన్ను ఆకట్టుకున్నది స్వర్ణం కాదు, ఆయన పెట్టిన చిన్న పోటీలు. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒక్కడే పరుగు తీయరాదు, అందిన వెంటనే తోటివానికి అందించాలి అన్న నియమంతో ఒక పోటీ. అలవాటు లేని కాలితోనే తన్నాలి అన్న నియమంతో ఇంకొకటి. అవధానం చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఇది నిషిద్ధాక్షరి! పృచ్ఛకుడు సులువైన అక్షరాన్ని కాదన్నప్పుడే అవధానికి తన నిఘంటువులోని మారుమూల గదులు గుర్తుకు వస్తాయి. కుడికాలిని కాదన్నప్పుడే పిల్లవానికి ఎడమకాలు ఉన్నదని తెలుస్తుంది. ఇంత మంచి బోధనాపద్ధతి పంతులుకు గాక ఎవరికి తోస్తుంది?

సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం శిక్షణకు వచ్చేందుకు సైకిలు అద్దె పెట్టుకోలేనంటే, ఆ అద్దె రహీం సాబే ఇచ్చారు. ఆ సంగతి బలరామే చెప్పుకున్నారు. ఆయన మెల్‌బోర్న్ వెళ్లారు, జకార్తాలో స్వర్ణం అందుకున్నారు, ఈస్ట్ బెంగాల్‌కు ఆడి ఆ బెంగాలులోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశారు. ఇంత వెలుగులోను ఆ జట్టు కథను తెలుగులో, ఒక్కొక్క సంవత్సరం లెక్కతో, ఇంగ్లండు పల్లెటూరి సంఘమంత శ్రద్ధగా రాసినది నా కంటబడలేదు.

ఇప్పుడు రెండో రకం జట్టును చూడండి. పుణెలో ఉన్న ఒక ఫుట్‌బాల్ సంఘం 2019లో మూతబడగా, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సి పుట్టింది. గచ్చిబౌలి స్టేడియం దాని ఇల్లు. మొదటి సీజనులో అట్టడుగున నిలిచినా, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. నేను కూడా టీవీ ముందు కూర్చుని కేక పెట్టాను, దాచుకోవలసిన సంగతి కాదు. తరువాత డబ్బు చిక్కులు వచ్చాయి, యజమాని మారాడు. 2025 అక్టోబరులో ఆ సంఘం ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే పేరు పెట్టుకుంది. ఆరేళ్లలో మూడు ఊళ్లు! మన పాత నాటకాల సమాజాలు కూడా ఇన్ని మకాములు మార్చేవే, కాని అవి ఏ ఊళ్లో దిగినా తమ పేరు మార్చుకోలేదు.

యజమానులను తిట్టడానికి ఇది రాయడం లేదు. నష్టం వచ్చే దుకాణాన్ని ఎవరైనా మరో వీధికి మారుస్తారు. నేననేది ఒకటే: అది దుకాణమే, సంఘం కాదు. ఆ లీగులో 2024-25 వరకు అట్టడుగున నిలిచిన జట్టును కింది అంచెకు పంపే నియమం లేదు. కింది నుండి పైకి తీసుకోవడం కూడా 2023లో గాని మొదలు కాలేదు. ఓడితే జారని జట్టు ఊరికి ఏమి రుణపడి ఉంటుంది? జారినవానిని మళ్లీ ఎక్కించేది ఊరే. కింద పడ్డ కాలంలో చందా కట్టేవాడు, వానలో నిలబడేవాడు, చొక్కాలు ఉతికి ఆరవేసేవాడు ఉంటే గాని జట్టుకు వేరు పట్టదు. ఇంగ్లండులోనే చూడండి. 2022లో వూస్టర్, వాస్ప్స్ అనే రెండు గొప్ప వృత్తిసంఘాలు అప్పులతో కూలిపోయాయి, 2023లో లండన్ ఐరిష్ అదే దారి పట్టింది. డబ్బు వ్యవహారం లేని చిన్న ఊళ్ల జట్లు ఆ శనివారాలు కూడా ఎప్పటిలాగే ఆడుకున్నాయి.

మరి మా హాలియా వంటి ఊరి మాటేమిటి? సాగరు ఎడమ కాలువ ఆయకట్టు ఇది. మా వైపు ఆటల కాలాన్ని కాలువే నిర్ణయిస్తుంది. వానాకాలపు కోతలు అయ్యాక, యాసంగి నాట్లకు మడులు తడిసే లోపల దొరికే కొద్ది రోజులలో సంక్రాంతి వస్తుంది. కబడ్డీ, వాలీబాల్ పోటీలు అప్పుడే. ఫ్లెక్సీలు, మైకులు, దాత పేరున కప్పు. పోటీ బాగానే ఉంటుంది. కాని కప్పు కోసం కొన్ని జట్లు కోదాడ నుండో సూర్యాపేట నుండో బయటి ఆటగాళ్లను డబ్బిచ్చి పిలిపించుకుంటున్నాయి. ఊరి కుర్రవాడు తన ఊరి పేరున్న చొక్కాను మరొకడు తొడుక్కుని ఆడుతుంటే గట్టున నిలబడి ఈల వేస్తాడు. టీవీలో చూసినదే పొలంలో నాటుకుంది.

పండుగ వెళ్లాక ఏమీ ఉండదు. గెలిచిన జట్టు పైకి ఎక్కేందుకు మెట్టు లేదు, ఓడిన జట్టు వచ్చే వారం తీర్చుకునేందుకు పోటీ లేదు. బడిలో డ్రిల్లు మాస్టారు ఉంటే మైదానం ఉండదు. మైదానం ఉంటే ఆటల పీరియడును పదో తరగతి పరీక్షల పేరున లెక్కల అయ్యవారో, మా తెలుగు అయ్యవారో మింగేస్తారు. అటువంటి చోట పదిహేనేళ్ల పిల్లవానికి మనం చూపించగలిగినది వేలంపాట ఒక్కటే. వేలంలో పలికేవాడు లక్షకు ఒకడు. నిచ్చెన మీద మాత్రం అట్టడుగు మెట్టు మీద నిలబడినవాడు కూడా ఆటగాడే.

చుట్టుపక్కల పది ఊళ్లు కలిస్తే లీగుకు చాలు. ఆదివారం ఆదివారం రెండు జట్లు, ఊరివారే ఆటగాళ్లు, బయటివాడు వద్దన్న ఒక్క నియమం, ఫలితం రాసేందుకు ఒక నోటుపుస్తకం. ఆ పుస్తకం నేను పడతానన్నాను. సున్నాలు చుట్టిన చేతికి అది బరువు కాదు. కుర్రవాళ్లలో ఇద్దరు సరేనన్నారు, ఒకడు "ప్రైజ్ మనీ ఎంత సార్?" అని అడిగాడు. వానిది కూడా న్యాయమైన ప్రశ్నే, ఆరు షిల్లింగుల ప్రశ్న. దానికి పోలీసు ఉద్యోగం వంటి జవాబు నా దగ్గర లేదు గనుక, ఆడిన పూట భోజనం, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఊరి చందాలోంచి ఇవ్వాలని ప్రతిపాదించాను. ఇంకా తేలలేదు.

మిత్రులలో మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు వారుంటే మీ ఊరి పాత జట్ల పేర్లు, ఆడినవారు ఎవరు, ఏ సంవత్సరం ఎవరిని ఓడించారు, ఎవరి చేతిలో ఓడారు అన్నవి పెద్దలను అడిగి మీ మీ పుటలలో రాయండి. ఓడినవి తప్పకుండా రాయండి.