నైపుణ్యం లేనిదెవరికి?

"మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన కుర్రవాళ్లకు నైపుణ్యం లేదు, కనుకనే ఉద్యోగాలు లేవు" అని పరిశ్రమాధిపతులు సెలవిస్తున్నారు. మన అధ్యాపక మిత్రులు కొందరు ఆ మాటనే తరగతి గదుల్లో వల్లిస్తున్నారు. ఇది తలకిందుల వాదం.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి లేతు యంత్రం సంగతి దేనికని అడగవచ్చు. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర చదివిన ఒక రైతుబిడ్డ మెకానికల్ పట్టభద్రుడై, మోటారు విడిభాగాల కర్మాగారంలో 'ట్రైనీ ఇంజనీరు'గా చేరాడు. అతని పని యంత్రానికి ముక్క బిగించడం, మీట నొక్కడం, ముక్క తీయడం. రోజుకు పన్నెండు గంటలు. రెండేళ్లకు గడువు తీరిందన్నారు; ఆ యంత్రం దగ్గరకు మరొక ట్రైనీ వచ్చాడు. నైపుణ్యమే లేకపోతే రెండేళ్లు అతనిచేత సరుకెలా తయారు చేయించారు? ఉంటే ఎందుకు పంపించివేశారు?

జవాబు ప్రభుత్వ విధానంలో ఉన్నది. 2018లో కేంద్రం నిర్ణీతకాలపు కొలువును అన్ని పరిశ్రమలకూ విస్తరించింది. 2019లో పట్టభద్రుడైన అప్రెంటిస్‌కు నెలకు 9,000 రూపాయల కనీస భృతి చాలునన్నది. చవకగా చేతులు దొరుకుతుంటే శాశ్వతోద్యోగం ఎవరిస్తారు?

కళాశాలల వర్క్‌షాపులు బూజుపట్టిన మాట కాదనను. కాని పనితనం పనిలోనే అబ్బుతుంది. 1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలర్పించిన నాటికి, ఉక్కు తయారీ తెలిసినవారు ఆంధ్రదేశంలో ఎందరు? ముందు కర్మాగారం వచ్చింది. నైపుణ్యం దాని కొలుముల దగ్గర పెరిగింది. ఆ కర్మాగారాన్నే 2021 జనవరిలో నూటికి నూరుపాళ్లూ అమ్మజూపారు. హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్‌ను మూసివేయాలని 2016లోనే తీర్మానించారు. బడి మూసివేసి, పిల్లవాడికి చదువు రాదని నిందించడం ఏ న్యాయం?

ఉద్యోగం పోయి వచ్చిన ఆ కుర్రవాడికి "కంప్యూటరు కోర్సు ఏదైనా నేర్చుకో నాయనా" అని నేనూ సలహా చెప్పాను. అందుకు సిగ్గుపడుతున్నాను. రేపు అక్కడా ట్రైనీల కథే నడిస్తే అతణ్ణి ఇంకెక్కడికి పంపను?

విశాఖ కార్మికులు ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025లో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. సలహాలతో చేతులు దులుపుకునే మనకు అందులో పాఠమున్నది. శిక్షణ పేరిట చేయించుకున్న ప్రతి సంవత్సరాన్నీ సర్వీసుగా లెక్కించాలని, పని నేర్చినవాడికి ఆ పనే ఇవ్వాలని విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి అడగాలి. నైపుణ్యం చాలనిది మన పిల్లలకు కాదు. వారికి పని చూపలేని ఈ వ్యవస్థకు.