హాజరు ఫొటో

ఆగస్ట్ సాండర్ అనే జర్మన్ ఫొటోగ్రాఫర్ 1928లో ఒక కూలీని ఫొటో తీశాడు. మెడ వెనక అడ్డంగా ఒక చెక్క, దానిమీద పేర్చిన ఇటుకలు. వెనకంతా చీకటి. అంత బరువు మోస్తూ కూడా అతను మన కళ్లలోకి సూటిగా చూస్తాడు. జాలి అడగడు.

సాండర్ స్నేహితులు 'కొలోన్ ప్రోగ్రెసివ్స్' అనే చిత్రకారులు. జైవర్ట్, హోయర్లె లాంటివాళ్లు. సమాజంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో బొమ్మల్లో చూపించాలనుకున్నారు. సాండర్ ఆ పని కెమెరాతో చేశాడు. రైతు, వంటమాస్టర్, పని దొరకనివాడు, అందరికీ ఒకటే మర్యాద. 1929లో 60 ఫొటోలతో పుస్తకం వేస్తే, 1936లో నాజీలు దాని ప్రింటింగ్ ప్లేట్లు నాశనం చేశారు. మామూలు మొహాలంటే అంత భయమా!

ఇక మన దిక్కు చూడండి. మహబూబ్‌నగర్‌కి ఏ నిజాం పేరు పెట్టారో ఆ మహబూబ్ అలీ ఖాన్‌కి రాజా దీన్‌దయాళ్ లాంటి గొప్ప ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. నిజాం వేటలూ దర్బారులూ ఇప్పటికీ చూడొచ్చు. మరి కొత్తకోట లాంటి ఊళ్ల నుంచి గుంపు మేస్త్రీ వెంట డ్యాములకీ కాలువలకీ పోయిన పాలమూరు లేబర్ మొహాలు?

ఇప్పుడు ఫొటోలకి కొదవలేదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీలో, వ్యక్తిగత పనులు వదిలేస్తే, రోజుకి రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లో ఎక్కాలని రూల్ పెట్టారు. టైమ్, లొకేషన్‌తో సహా. సీఎస్ఈ వాళ్లం కదా, మనకి నీట్ డేటాలా కనిపిస్తుంది. కానీ ఆ ఫొటో అడిగేది ఒక్కటే: వచ్చావా, రాలేదా?

మన ఫొటో కాంటెస్టులు ఇంకా ఘోరం. ముడతలు పడ్డ చేతులు, బ్లాక్ అండ్ వైట్, 'శ్రమ సౌందర్యం' అని క్యాప్షన్. తల మాత్రం ఫ్రేమ్ బయట!

నా మాట ఇది. ఈ సెలవుల్లో ఊరెళ్తే చాటుగా తీయొద్దు. అడిగి తీయండి. ఎలా నిలబడాలో, పార పట్టుకోవాలో వద్దో వాళ్లనే చెప్పనివ్వండి. సాండర్‌తో నాకో పేచీ కూడా ఉంది. ఆ ఇటుకల ఫొటో కింద పని పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. మనుషుల్ని రకాలుగా విడగొట్టడం ఆయన పద్ధతి. మనం, వాళ్లు సరేనంటే, పేరు కూడా రాద్దాం. ఇంకోటి, ప్రింట్ తీయించి వాళ్ల చేతికివ్వాలి. వాట్సాప్‌లో పంపితే లెక్కలోకి రాదు.