ఫైర్‌ఫైటర్ తలకి హెడ్‌సెట్ సరే, డేటా ఎవరి చేతికి?

ఫైర్ సిబ్బంది ఒత్తిడికి ఇంట్లోనే వాడుకునే టీడీసీఎస్ హెడ్‌సెట్ ఇవ్వాలన్న ఐడియా నాకు నచ్చింది. షిఫ్టుల్లో బతికేవాళ్లు వారం వారం క్లినిక్ చుట్టూ ఏం తిరుగుతారు?

పనిచేసే తీరు సింపులే. నుదుటి మీద రెండు ఎలక్ట్రోడ్లు, 2 మిల్లీయాంప్‌ల దాకా కరెంట్, 20-30 నిమిషాల సెషన్. షాక్ కొట్టదు, కాస్త చురచురలాడుతుంది. స్పాంజ్ సరిగ్గా తడపకపోతే చర్మం కాలొచ్చు.

ఫలితాలే కాస్త గజిబిజి. 2024లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ట్రయల్‌లో 174 మంది డిప్రెషన్ పేషెంట్లు 10 వారాలు ఇంట్లోనే వాడారు. ఉత్తుత్తి కరెంట్ పెట్టినవాళ్లకన్నా అసలు కరెంట్ అందినవాళ్లే ఎక్కువ కోలుకున్నారు. అదే ఏడాది వచ్చిన బ్రెజిల్ ట్రయల్‌లో మాత్రం తేడా కనిపించలేదు. పైగా రెండూ డిప్రెషన్ మీద చేసినవి, ఫైర్ డ్యూటీ ఒత్తిడి మీద కాదు.

నా అసలు డౌట్ యాప్ మీద. ఎన్ని సెషన్లు చేశారు, మూడ్ ఎలా ఉంది, నిద్ర పట్టిందా... ఇలాంటివన్నీ అందులో లాగ్ అవుతాయి. హెడ్‌సెట్ కొనిచ్చింది డిపార్ట్‌మెంట్ అయితే ఆ లాగ్ ఎవరు చూస్తారు? మన బ్యాండ్‌లో స్ట్రెస్ స్కోర్ పెరిగితే మనం స్క్రీన్‌షాట్ తీసి నవ్వుకుంటాం. రాత్రి మంటల్లోంచి శవాన్ని మోసుకొచ్చిన మనిషి ‘నిద్ర పట్టట్లేదు’ అని నొక్కితే రేపు డ్యూటీ నుంచి తప్పిస్తారేమో అని భయపడతారు. ‘బాగానే ఉన్నా’ అనే నొక్కుతారు. ఇక డాక్టర్ చూసే గ్రాఫ్ కూడా అబద్ధమే.

లాగ్ డాక్టర్‌కి తప్ప ఆఫీసర్‌కి వెళ్లకుండా ఆపే సెట్టింగ్ ఉండాలి, అదీ వాడేవాళ్ల చేతిలోనే. అది లేని హెడ్‌సెట్ ఫ్రీగా ఇచ్చినా వద్దనే చెప్తా.