పల్లీ గింజ ఎక్స్‌రేకు దొరకదు

యాసంగి పల్లీ ఇంటికొచ్చే రోజుల్లో వనపర్తి జిల్లా ఆత్మకూర్ చుట్టుపక్కల ఊళ్లలో వాకిళ్ల నిండా కాయలు ఆరుతుంటాయి. పెద్దలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్న రెండేళ్ల పిల్ల ఒక గింజ నోట్లో వేసుకుంటుంది. నవ్వుతూనో ఏడుస్తూనో గట్టిగా ఊపిరి పీల్చిందా, గింజ ఊపిరి గొట్టంలోకి జారుతుంది. కాసేపు ఉక్కిరిబిక్కిరి, దగ్గు. ఆ తర్వాత అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. ఎక్స్‌రే తీయిస్తే గింజ కనిపించదు. మింగిన రూపాయి బిళ్లయితే తెల్లగా తేలుతుంది, లోహం కిరణాలను ఆపేస్తుంది కాబట్టి. పల్లీ ఆపదు. ఒకవైపు ఊపిరితిత్తిలో గాలి చిక్కుకుని ఉబ్బడం లాంటి జాడలను బట్టి డాక్టరు పసిగట్టాలి, కొందరిలో ఆ జాడ కూడా ఉండదు. అప్పుడు తల్లి మాటే పెద్ద సాక్ష్యం: "పల్లీలు తినుకుంట ఒక్కపారే దగ్గింది సార్, అప్పటిసంది గురక వెడుతుంది." ఆ మాట విన్న డాక్టరు ఎక్స్‌రే బాగున్నా సరే, ఊపిరి గొట్టంలోకి సన్నని కెమెరా గొట్టం దించి చూసే బ్రాంకోస్కోపీ ఉన్న పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

స్కాన్ తీస్తే అన్నీ తెలిసిపోతాయన్న నమ్మకం, స్కాన్ తీస్తే క్యాన్సర్ వస్తుందన్న భయం. ఈ రెండూ తరచుగా ఒకే ఇంట్లో ఉంటాయి. పిల్లల విషయంలో రెండూ చేటు చేస్తాయి.

భయం సంగతి ముందు. ఒక ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి చేరే రేడియేషన్, నేల నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ రెండు మూడు రోజుల్లో సహజంగా అందేంత. తల సీటీ అలా కాదు, అది దాదాపు ఏడాది మోతాదుకు దగ్గరగా వస్తుంది. చిన్నప్పుడు సీటీ తీయించుకున్నవారిని బ్రిటన్‌లో ఏళ్ల తరబడి గమనించి 2012లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్ల లోపు పిల్లలకు 10,000 తల సీటీలు తీస్తే, తర్వాతి పదేళ్లలో ఒక లుకేమియా, ఒక మెదడు కణితి అదనంగా రావచ్చని దాని అంచనా. తలలో నెత్తురు గడ్డకట్టిందేమోనన్న గట్టి అనుమానం ఉన్నప్పుడు ఆ స్కాన్‌ను వద్దనుకోవడానికి ఇది కారణం కాదు. ఊరికే తీయించడానికి వెనకాడటానికి మాత్రం చాలినంత కారణం.

ఎక్స్‌రే అవసరం ఎంతో నల్లగొండకు చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే అక్కడి ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దీఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఎముక చిక్కబడటం, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం ఎక్స్‌రేలోనే తేటగా కనిపిస్తాయి. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు ఒరుసుకునేలా కాళ్లు వంకరపోవడాన్ని 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు లోకం దృష్టికి తెచ్చారు. ఈ రోజుకీ కాళ్లు వంకరగా ఉన్న పిల్లను తీసుకొస్తే అది డి విటమిన్ లోపమా, నీళ్ల దోషమా అన్నది తేల్చుకోవడానికి మణికట్టు, మోకాలి ఎక్స్‌రేలు ఎంతో సాయపడతాయి. ఒకదానికి మందు ఇవ్వాలి, రెండోదానికి ముందు తాగే నీళ్లు మార్చాలి. దీనికయ్యే రేడియేషన్ అత్యల్పం. ఇక్కడ భయపడి ఆగిపోతేనే నష్టం.

తలకు దెబ్బ తగిలినప్పుడు కథ తిరగబడుతుంది. బండి మీంచో మంచం మీంచో పిల్లవాడు పడగానే, "స్కానింగ్ దీపిచ్చి చూడుండ్రి సార్" అని ఇంటివాళ్లే పట్టుబడతారు. వాళ్ల గాభరా అర్థమయ్యేదే. ఉత్తర అమెరికాలో తలకు దెబ్బ తగిలిన 42,412 మంది పిల్లలను పరిశీలించి 2009లో ఒక పద్ధతి తయారుచేశారు. రెండేళ్లు దాటిన పిల్లకు స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు, తలనొప్పి తీవ్రంగా లేదు, తీరు మారలేదు, పుర్రె అడుగు విరిగిన గుర్తుల్లేవు, దెబ్బ మరీ పెద్దది కాదు అనుకోండి. అలాంటి 10,000 మందిలో ప్రమాదకరమైన మెదడు గాయం ఉండేది ఐదుగురి కంటే తక్కువ మందికి. వాళ్లను సీటీకి పంపే బదులు ఆసుపత్రిలో కొన్ని గంటలు కనిపెట్టి చూడటమే సరైన వైద్యం. అలా కూర్చోబెట్టిన డాక్టరును పట్టించుకోలేదని నిందించడం అన్యాయం.

కొంత మెళకువ తల్లిదండ్రుల చేతిలోనూ ఉంది. మెడలో తాయెత్తు, వెండి మొలతాడు, చేతి మురుగులు ఫొటోలో అడ్డొస్తే ఎక్స్‌రే మళ్లీ తీయాలి, పిల్లకు రెండో మోతాదు తప్పదు. తాయెత్తు తీయడానికి నానమ్మ ఒప్పుకోకపోవచ్చు. తీసి ఆమె చేతికే ఇచ్చి, అయిపోగానే కట్టొచ్చని చెబితే సరిపోతుంది. ఎమ్మారైలో రేడియేషన్ లేదు గానీ ఆ యంత్రంలోని అయస్కాంతం ఇనుమును లాగేస్తుంది, అక్కడ ఏ లోహమూ ఒంటి మీద ఉండకూడదు. నెలల పసికందుకు పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చితే చాలాసార్లు మత్తు లేకుండానే పని అయిపోతుంది. మత్తు ఇస్తారంటే మాత్రం ఎన్ని గంటల ముందు పాలు ఆపాలో వాళ్లు చెప్పినట్టే చేయాలి. ఎక్స్‌రే గదిలో పిల్లను పట్టుకోవడానికి గర్భిణి వెళ్లకూడదు, పట్టుకునేవాళ్లకు సీసపు కోటు వేయాలి. పిల్ల పొత్తికడుపు మీద సీసపు పట్టీ వేయలేదని కంగారు పడొద్దు. అది చూడాల్సిన చోటికి అడ్డం పడుతుంది, మేలు పెద్దగా లేదు కనుక ఆ అలవాటు మానుకోవాలని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లోనే చెప్పింది.

సెంటర్‌ను అడగాల్సినవి వేరే ఉన్నాయి. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉందా? పిల్ల వయసుకూ బరువుకూ తగ్గట్టు సీటీ మోతాదు తగ్గిస్తున్నారా? అల్ట్రాసౌండ్‌తో తేలే కడుపునొప్పికి సీటీ ఎందుకు? ఈ ప్రశ్నలకు నొచ్చుకోకుండా జవాబిచ్చేవారిని నమ్మొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేది మాత్రం తీసిన స్కాన్‌నే మళ్లీ తీయడం. వనపర్తిలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి, హైదరాబాద్ చేరాక మరొకటి. పాత ఫిలిం ఇంట్లోనే ఉండిపోతుంది, లేదా ఫోన్లో తీసిన మసక ఫొటో తప్ప ఏమీ మిగలదు. ఇది తల్లిదండ్రుల మీద మాత్రమే నెట్టే తప్పు కాదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకంతో 2018 నుంచి రక్త నమూనాలను హబ్ అనే కేంద్ర ల్యాబ్‌కు చేర్చి, ఫలితం ఫోన్‌కు వచ్చే ఏర్పాటు చేసిన ప్రభుత్వానికి, జిల్లా ఆసుపత్రిలో తీసిన పిల్లల సీటీని హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆసుపత్రి డాక్టరు తన గదిలో కూర్చుని చూసే ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. వైద్య కళాశాలలు జిల్లాలకు వచ్చిన ఈ కాలంలో అడగాల్సింది ఇదే. అది వచ్చేదాకా ప్రతి స్కాన్‌కూ రిపోర్టుతో పాటు సీడీ అడిగి తీసుకుని, తేదీ, ఒంట్లో ఏ భాగమో కవరు మీద రాసి, పిల్ల టీకాల కార్డుతో కలిపి ఉంచాలి.